పదో వంతులో పండుగ

ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయంలో ఒక ఆజ్ఞ ఉంది. నేను విన్న ప్రసంగాల్లో దాని జోలికి వెళ్లినవాళ్లు బాగా తక్కువ. ఇశ్రాయేలు రైతు ఏటేటా తన పంటలో పదో వంతు తీసి పక్కన పెట్టాలి. పెట్టి, ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని దేవుడు ఏర్పరచిన చోటికి వెళ్లి, ఆయన ఎదుట కూర్చుని దాన్ని తినాలి. దారి మరీ దూరమై ధాన్యం మోయలేకపోతే, అమ్మేసి ఆ వెండిని చేతిలో పట్టుకుని వెళ్లాలి. అక్కడికి చేరాక ఎద్దు గానీ గొర్రె గానీ ద్రాక్షారసం గానీ, మనసు దేన్ని కోరితే దాన్ని కొనుక్కోవాలి. ఇంటివాళ్లతో కలిసి తిని సంతోషించాలి. సబ్బాతు ఎలా ఆజ్ఞో ఇదీ అలాగే ఆజ్ఞ.

దశమభాగం అనగానే మా సంఘాల్లో మలాకీ గ్రంథం తీస్తారు, పదో వంతు అంతటినీ మందిరపు నిధికి తెమ్మన్న మాట చదువుతారు. అదీ వాక్యమే, కాదనను. కానీ పదో వంతు తీసుకుని పిల్లాపాపలతో పండుగ చేసుకోమన్న మాట కూడా అదే బైబిల్లో ఉంది. దాన్ని మేమెందుకు దాటేస్తూ వచ్చామన్నది నా మనసులో చాలాకాలంగా నలుగుతున్న సంగతి. ఈ మధ్య మా తమ్ముడితో వచ్చిన వాదన వల్ల అది మళ్లీ పైకి వచ్చింది.

మా తమ్ముడు గుంటూరు జిల్లాలోని మా ఊరి సంఘానికి కోశాధికారి. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. మొదటి జీతం నుంచీ దశమభాగం తప్పనివాడు, ఇంట్లో కష్టం వచ్చిన నెలల్లో కూడా. నేను హైదరాబాదులో మా అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మధ్యాహ్నం అందరం కలిసి మాల్‌లో బౌలింగ్‌కి వెళ్లామని ఫోన్లో చెప్పాను. ఎంతయింది అని అడిగాడు. చెప్పాను. "ఏందక్కా, బంతి దొర్లియ్యటానికి ఆరువేలా? ఆ డబ్బుతో ఎంతమందికి అన్నం పెట్టొచ్చు!" అన్నాడు. అలాంటి మనిషి అడిగిన ప్రశ్నకు సరైన జవాబు ఇవ్వాలి. నవ్వేసి ఊరుకోకూడదు.

ముందు ఆ ఆరువేల లెక్క. సెలవు రోజున ఒక్కొక్కరికి ఒక్కో ఆటకు 350 రూపాయలు. ఆడినవాళ్లు ఆరుగురు, ఆడింది రెండు ఆటలు, అంటే 4,200. వాళ్లిచ్చే బూట్లతోనే ఆడాలి. ఆ బూట్లలోకి మేజోళ్లు లేకపోతే కొనాలి, జత 50 చొప్పున 300. పిల్లలు తిన్నవీ తాగినవీ 1,100. కారుకు, పార్కింగ్‌కు కలిపి 400. చేతికి వచ్చింది ఏమీ లేదు. ఇంటికి తెచ్చుకునే వస్తువు లేదు, కడుపు నిండే తిండి కూడా కాదు. అరవై అడుగుల నున్నటి చెక్క బాట, దాని చివర త్రికోణంలో నిలబెట్టిన పదిహేను అంగుళాల పిన్నులు పది, వాటి మీదికి దొర్లించడానికి బరువైన బంతి. ఆరుగురు ఒక ఆట ముగించేసరికి గంట గడిచింది. మా కోడలు ఇంట్లో గిన్నెలు, ఇల్లు తుడవడం చూసే అమ్మాయికి నెలకు ఇచ్చేది 4,500. అంటే ఒక మధ్యాహ్నపు బౌలింగ్ ఆమె నెల జీతాన్ని దాటిపోయింది. మా తమ్ముడు అన్న మాటలోని నొప్పి ఇక్కడుంది. ఆ లెక్క చూసి కూడా నొప్పి పుట్టని మనిషితో ఈ విషయం మాట్లాడటంలో అర్థం లేదు.

ఈ అభ్యంతరం కొత్తది కాదు. బేతనియలో యేసు పాదాల మీద మరియ ఖరీదైన అత్తరు పోసినప్పుడు ఇస్కరియోతు యూదా ఇదే అడిగాడు, దీన్ని 300 దేనారాలకు అమ్మి బీదలకు ఎందుకు ఇవ్వలేదని. ద్రాక్షతోట పనివాళ్ల ఉపమానంలో ఒక దేనారం ఒక రోజు కూలి. అంటే దాదాపు ఏడాది కూలిడబ్బు ఒక్క ఘడియలో నేలపాలైంది, ఇల్లంతా వాసన నిండింది. యూదా బీదల మీద ప్రేమతో ఆ మాట అనలేదని, వాడి దగ్గర డబ్బు సంచి ఉండేదని, అందులోంచి దొంగిలించేవాడని యోహాను రాశాడు. చాలామంది బోధకులు అక్కడితో ఆపేస్తారు, అడిగినవాడు దొంగ కనుక ప్రశ్న కొట్టివేయబడింది అన్నట్టు. నాకు అది న్యాయంగా తోచదు. మత్తయి సువార్తలో ఆ కోపం శిష్యులందరిదీ. మంచివాళ్లకూ వచ్చే కోపమే అది. మా తమ్ముడికి వచ్చిందీ అదే.

యేసు ఇచ్చిన జవాబును కూడా మనవాళ్లు చాలా పాడుచేశారు. బీదలు ఎప్పుడూ మీ దగ్గర ఉంటారన్న ఆయన మాటను, బీదరికం పోదు కనుక పట్టించుకోనక్కర్లేదు అనే అర్థంలో వాడటం నేను చెవులారా విన్నాను. ఆయన గుర్తుచేసింది ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయాన్ని. దేశంలో బీదలు ఉండకమానరు అని అక్కడ ఉంది. ఆ వెంటనే, కనుక నీ చెయ్యి తప్పక చాపాలని ఉంది. అక్కడ కూర్చున్న యూదులకు మిగతా సగం నోటికి వచ్చు. ఆయన దాన్ని పలకనక్కర్లేదు. ఆ స్త్రీ చేసిన ఖర్చును ఆయన సమర్థించినప్పుడు బీదల పద్దు కొట్టేయలేదు. ఆమె చేతిలోంచి ఆ ఘడియను లాక్కోవద్దన్నాడు.

ఆ 15వ అధ్యాయం నుంచి ఒక్క పేజీ వెనక్కి తిప్పితే పైన చెప్పిన పదో వంతు పండుగ కనిపిస్తుంది. ఆ పండుగ ఆజ్ఞకు తోకలా ఇంకో రెండు మాటలున్నాయి. నీ ఊళ్లో ఉన్న లేవీయుణ్ని విడిచిపెట్టకు, వాడికి నీతోపాటు పొలం లేదు అనేది మొదటిది. ప్రతి మూడో ఏటి చివర ఆ ఏటి పదో వంతును ఊరి గుమ్మాల్లోనే పోగుచేసి లేవీయులకు, పరదేశులకు, తండ్రిలేని పిల్లలకు, విధవరాళ్లకు తృప్తిగా తినడానికి వదిలేయాలనేది రెండోది. మరికాస్త ముందుకు వెళితే 16వ అధ్యాయంలో పండుగకు ఎవరెవరు రావాలో పట్టిక ఉంది: కొడుకు, కూతురు, దాసుడు, దాసి, లేవీయుడు, పరదేశి, తండ్రి లేని బిడ్డ, విధవరాలు. పనిమనిషిని ఇంటి దగ్గర కాపలా పెట్టి కుటుంబం మాత్రం వెళ్లే పండుగ ఆ శాస్త్రంలో లేదు.

మా నాన్న ఉపదేశి. జీతం చాలా తక్కువ. అమ్మ రోజూ ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేసేది, ఆ రోజు మా కంచాల్లో ఎంత పడుతుందని చూసేది కాదు. ఆ ఇంట్లో పెరిగినదాన్ని కనుక రూపాయి విలువ నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. అయినా ఏటా కోతల పండుగ వచ్చేది. గుడి ముందర గుమ్మడికాయలు, కోళ్లు, అరటి గెలలు, బస్తా వడ్లు వేలం వేసేవాళ్లు. పది పైసల నిమ్మకాయను పంతం పట్టి రెండు రూపాయలకు పాడుకున్న పెద్దలను చూశాను. పిల్లలకు కుర్చీలాట, చెంచాలో నిమ్మకాయ పరుగు, సాయంత్రం ఏడు పెంకులాట. వేలం డబ్బు సంఘానికే పోయేది, కానీ ఆ రోజు వండిన అన్నం, కూర మాత్రం అందరివీ. పందిట్లో వంట ఊరికే చేసినవాళ్లు కూడా అదే బంతిలో కూర్చునేవారు. దాన్ని మేం ఆరాధన అనే అన్నాం. ఎంత ఖర్చు అయిందని అడిగినవాళ్లు లేరు. మోషే ధర్మశాస్త్రంలో చదివిన పండుగను నేను మొదట చూసింది అక్కడే.

మాది లూథరన్ సంఘం. 1842లో మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు చేరినప్పటి నుంచీ మా వాళ్ల చరిత్ర మొదలవుతుంది. మార్టిన్ లూథర్‌కూ ఈ దొర్లుడు బంతి ఆటకూ ముడిపెట్టి ఒక కథ చెబుతారు, పిల్లల కోసం ఇంటి దగ్గర బాట వేయించాడని, పిన్నులు తొమ్మిది ఉండాలని తేల్చింది ఆయనేనని. కథలుగా చెప్పుకునేవి అవి, వాటి మీద నేను వాదన నిలబెట్టను. రాతపూర్వకంగా ఉన్నది వేరే ఉంది. 1530లో ఆగ్స్‌బర్గ్‌లో చక్రవర్తి సభ జరుగుతోంది, ఆయన బోధ నిలుస్తుందా పోతుందా అన్నది అక్కడ తేలాలి. బహిష్కృతుడు కనుక ఆయన అక్కడికి వెళ్లకూడదు, కోబర్గ్ కోటలో ఉండిపోయాడు. జూన్ నెలలో అక్కడి నుంచి నాలుగేళ్ల కొడుకు హాన్స్‌కి ఉత్తరం రాశాడు. అందులో సభ మాట లేదు. ఒక అందమైన తోట ఉందని రాశాడు. అక్కడ పిల్లలు ఆపిళ్లు, చెర్రీలు ఏరుకుంటారట, గెంతుతారట, పాడతారట. బంగారు కళ్లేల చిన్న గుర్రాలున్నాయట, పిల్లనగ్రోవులు, డప్పులు, వెండి విల్లులున్నాయట. ప్రార్థన చేసే మంచి పిల్లలు ఆ తోటలోకి రావచ్చట. సంఘం మొత్తం ఒక తాడు మీద వేలాడుతున్న రోజుల్లో, బిడ్డకు పరలోకాన్ని ఆటస్థలంగా చూపించాడు ఆ తండ్రి. జెకర్యా ప్రవక్త చూపించిందీ అదే కదా. పాడైపోయిన యెరూషలేముకు మంచి రోజులు వస్తాయన్నదానికి గుర్తుగా ఆయన వీధుల నిండా ఆడుకుంటున్న మగపిల్లల్ని, ఆడపిల్లల్ని చెప్పాడు. వాళ్ల పక్కనే చేతికర్ర పట్టుకున్న ముసలివాళ్లనూ కూర్చోబెట్టాడు.

ఆట దండగ అన్న మాటకు నా దగ్గర ఈ జవాబు ఉంది. కానీ ఆ ఆటలోకి ఎవరు రావచ్చన్న ప్రశ్న దగ్గర నాకే ఊపిరాడదు.

ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ 1541లో చట్టం చేశాడు. చేతిపనివాళ్లు, పొలం పనివాళ్లు, నౌకర్లు, పని నేర్చుకునే కుర్రాళ్లు క్రిస్మస్ రోజుల్లో తప్ప బంతులాట ఆడకూడదు, అది కూడా యజమాని ఇంట్లోనో ఎదుటో ఆడాలి. ఏటా వంద పౌండ్ల ఆదాయం వచ్చే భూమి ఉన్నవాడు మాత్రం అనుమతి తీసుకుని తన తోటలో ఆడుకోవచ్చు. విలువిద్య సాధన మానేస్తున్నారన్నది పైకి చెప్పిన కారణం. ఆ నిషేధం 1845 దాకా పుస్తకాల్లో ఉంది. ఇప్పుడు మనం ఆడే పది పిన్నుల ఆట పచ్చిక మీద ఆడే ఆ బంతులాటకు చుట్టమే. ఇక అమెరికాలో ఈ ఆట మందిరాలు వీధివీధినా వెలిసిన కాలంలో, బాట చివర చీకట్లో కూర్చుని పడిన పిన్నుల్ని తిరిగి నిలబెట్టడానికి పిల్లల్ని పెట్టుకునేవారు. 1910 ప్రాంతంలో లూయిస్ హైన్ బాలకార్మికుల ఫొటోలు తీస్తూ ఈ పిల్లల్నీ తీశాడు, అర్ధరాత్రి దాటాక కూడా పని చేస్తున్నవాళ్లను. పిన్నులు నిలబెట్టే యంత్రం 1946లో జనానికి చూపించారు, 1950ల మొదట్లో అది మందిరాల్లోకి వచ్చింది. అంతవరకూ ఒక కుటుంబం పిల్లలు ఈ చివర బంతి దొర్లిస్తుంటే ఇంకో కుటుంబం పిల్లలు ఆ చివర దాన్ని తప్పించుకుంటూ బతికారు. ఒకే బాట, ఒకే బంతి. ఆ ఫొటోలు చూసినప్పుడు ధర్మశాస్త్రం దాసుణ్నీ దాసినీ పండుగ పట్టికలో ఎందుకు పేరుపేరునా రాయించిందో నాకు తెలిసింది.

మెథడిస్టు బోధకుడు జాన్ వెస్లీ తన జీవితంలోని ఒక సంగతి చెప్పుకున్నాడు. ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నప్పుడు గది గోడలకు పటాలు కొని తగిలించాడు. చలికాలంలో వాళ్ల బడిలో చదువుకునే ఒక పేద పిల్ల పల్చటి గౌనుతో వణుకుతూ వచ్చింది. ఏమైనా ఇద్దామని జేబులో చెయ్యి పెడితే డబ్బు దాదాపు ఏమీ మిగల్లేదు. ఆ పటాలు ఆ పిల్ల రక్తం కాదా అని తనను తాను అడిగాడు. నాకు ఈ మాట కంటే బరువైన అభ్యంతరం మరొకటి తెలియదు. దాని ముందు లూథర్ ఉత్తరం కూడా తేలిపోతుంది. ఎందుకంటే లూథర్ తోటలో అందరి పిల్లలూ ఉన్నారు, వెస్లీ గదిలో ఆ పిల్ల గుమ్మం దగ్గరే నిలబడింది.

మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. మా మనవరాలు, పనిచేసే అమ్మాయి కూతురు ఒకే ఈడువాళ్లు. పెద్దవాళ్లు లేనప్పుడు ఇద్దరూ కలిసి మేడ మీద ఆడుకుంటారు. బౌలింగ్ అనగానే మనవరాలు ఆ పిల్లనూ, వాళ్ల తమ్ముణ్నీ తీసుకెళ్దామంది. మా కోడలు వాళ్లమ్మను అడిగింది. ఆమె చేట కింద పెట్టి, "మనిషికి ఎంతవుద్దమ్మా?" అంది. కోడలు దాచకుండా చెప్పింది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ డబ్బులు నాకిస్తే పిల్లదాని ఫీజు బాకీ తీరుద్ది కదమ్మా" అంది.

బేతనియలో యూదా అడిగిన ప్రశ్నే. కానీ ఇది బీదల పేరు చెప్పి ఇంకొకరు అడిగింది కాదు. హక్కు ఉన్న నోటి నుంచి వచ్చింది. ఈ నోటి నుంచి వచ్చినప్పుడు జవాబు వాక్యాలతో చెప్పకూడదు. మా కోడలు చెప్పలేదు కూడా. బాకీ ఎంతో కనుక్కుంది, మూడు వేలు. ఆ సాయంత్రమే కట్టింది. "ఫీజు ఫీజే, ఆట ఆటే. పిల్లల్ని పంపుతావా?" అని మళ్లీ అడిగింది. ఆమె నవ్వి, "పంపుతానమ్మా, ఆళ్లు మాత్రం చూడొద్దా" అంది. ఆ ఆదివారం ఆమెకు సెలవు ఇచ్చి, జీతంలో పట్టుకోలేదు. కనుక మా తమ్ముడికి నేను చెప్పిన ఆరువేలు తప్పు లెక్క. అసలు ఖర్చు తొమ్మిది వేలు, పైన ఒక రోజు పని. కుటుంబాన్ని బౌలింగ్‌కి తీసుకెళ్లే ఖర్చు అంటే నా దృష్టిలో ఇదంతా. మాల్ వాళ్లు ఇచ్చే రసీదులో కొంతే ఉంటుంది.

ఇది సరిపోయిందా అంటే, లేదు. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం ప్రకారం కూలివాడి కూలి పొద్దు గుంకక ముందే చేతిలో పడాలి, వాడు బీదవాడు, దాని మీదే ప్రాణం పెట్టుకుని ఉంటాడు. ఫీజు కట్టడం దయ. జీతం న్యాయం. దయతో న్యాయాన్ని కప్పకూడదు. 4,500లో ఇద్దరు పిల్లల్ని పెంచే మనిషి ఇంకొకరి దయ లేకుండా ఫీజు కట్టుకోగలగాలి. ఆ మాట అబ్బాయితో, కోడలితో కూర్చుని మాట్లాడాను. జీతం పెంచారు. ఎంత పెంచితే న్యాయమో అపార్టుమెంటులో అందరూ ఇచ్చేదాన్ని బట్టి చూస్తే తేలదు, ఆమె ఇల్లు గడిచేదాన్ని బట్టి చూడాలని నా పట్టు. ఇంకా మాట్లాడుతున్నాం.

ఇక ఆట. ఆ పిల్ల తమ్ముడికి ఆరేళ్లు, బంతి ఎత్తలేడు. చిన్నపిల్లల కోసం ఇనుప జారుడు చట్రం ఇస్తారు, దాని మీద బంతి పెట్టి నెట్టాలి. బాటకు రెండు పక్కలా కమ్మీలు లేపుతారు, బంతి కాలువలో పడకుండా. వాడు నెట్టిన బంతి అటు కమ్మీకి, ఇటు కమ్మీకి తగులుతూ నిదానంగా పోయి నాలుగు పిన్నులు పడేసింది. మా అబ్బాయి పొద్దుటి నుంచి రాత్రి దాకా కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి, వాణ్ని ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. పైన తెరలో ఆడేవాళ్ల పేర్లు ఉంటాయి. మా పిల్లల పేర్ల వరుసలోనే వాళ్ల పేర్లూ ఉన్నాయి. మొదటి ఆటలో అందరికన్నా ఎక్కువ పాయింట్లు ఆ ఆడపిల్లవే. నేను ఆడలేదు, మోకాళ్లు ఒప్పుకోవు. కూర్చుని చూశాను. ఆ రెండు గంటలూ ఎవరి చేతిలోనూ ఫోన్ లేదు, ఎవరూ ఎవరికీ ఏదీ నేర్పలేదు, సరిదిద్దలేదు. టీచరుగా బతుకంతా పిల్లల మధ్య గడిపినదాన్ని, పిల్లలకు అలాంటి గంటలు ఎంత అరుదో నాకు తెలుసు. పెద్దవాళ్లకు ఇంకా అరుదు.

మా స్కూల్లో నాతో పనిచేసిన తెలుగు మాస్టారికి ఈ సంగతి చెబితే ఆయన భాగవతం ఎనిమిదో స్కంధం గుర్తుచేశారు. వామనుడికి దానం చేయబోతున్న బలిని శుక్రాచార్యుడు ఆపుతూ, మనిషి తన ధనాన్ని ఐదు భాగాలు చేసుకోవాలంటాడట: ధర్మానికి, కీర్తికి, మళ్లీ ధనం పెంచుకోవడానికి, తన సుఖానికి, తనవాళ్లకు. కన్ను పోగొట్టుకున్న గురువుగానే శుక్రుణ్ని మనం గుర్తుపెట్టుకుంటాం, ఆ లెక్కలో చాలా న్యాయం ఉంది. కానీ బలి ఆ లెక్కను పక్కన పెట్టి అంతా ఇచ్చేశాడు, మనకు పూజ్యుడైంది ఆయనే. "మరి మీరు ఎవరి పక్షం, మాస్టారూ?" అన్నాను. "ఇంట్లో పిల్లలున్నంత కాలం శుక్రుడి పక్షమేనమ్మా" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. అయితే శుక్రుడి ఐదు భాగాల్లో పనిమనిషి బిడ్డ ఏ భాగంలోకి వస్తుందని అడిగితే ఆయన కాసేపు ఆలోచించి, ధర్మం అనకుండా, తనవాళ్లు అన్నారు.

మా తమ్ముడికి ఇదంతా చెప్పాను. తొమ్మిది వేల లెక్క విని మెత్తబడ్డాడు గానీ వదల్లేదు. "ఒక ఇంటి పిల్లల్ని తీసుకెళ్లావు, బాగుంది. ఆ వీధిలో మిగతా ఇళ్లో?" అన్నాడు. వాడన్నది నిజం. ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్క పనిమనిషి బిడ్డను వెంటబెట్టుకుని తీర్చగలిగే అప్పు కాదు ఇది, ఊరు తీర్చాలి. ఇశ్రాయేలులో పండుగ ఊరిది కనుకనే అందులో విధవరాలు ఎవరి చలవతోనో రానక్కర్లేదు, తన హక్కుగా వచ్చి కూర్చునేది. అందుకని ఈ ఏడు మా ఊళ్లో కోతల పండుగ వేలం డబ్బులో కొంత భాగం, సంఘంలో ఉన్నా లేకపోయినా, పేటలోని పిల్లలందరి ఆటలకూ, వాళ్ల తల్లులు ఆ రోజు కూలి పోకుండా వచ్చి కూర్చోవడానికీ పెట్టమని అడిగాను. బౌలింగ్ అక్కర్లేదు, ఏడు పెంకులు, ఒక బంతి, మంచి భోజనం చాలు. కమిటీలో పెడతానన్నాడు, విధవరాళ్ల నిధిలో పైసా తగ్గకూడదన్న షరతు మీద. ఆ షరతుకు నేను ఒప్పుకున్నాను. వేలంలో సగం కావాలని నేనంటున్నాను, పావు కంటే కమిటీ ఒప్పుకోదని వాడంటున్నాడు.